తాడు అవతలి చెయ్యి

జ్యేష్ఠ బహుళ పాడ్యమి. ఆటు.

స్టేషన్ లాగ్ ఇవాళ్టి నుంచి నేను రాయాలట. మా గుండెల దిబ్బ మీద పద్ధతి ఇది: చేతిలోంచి తీగ పోయినవాళ్ళకి కలం ఇస్తారు. ఇన్నాళ్ళూ రాసిన భూషణం గారు కూతురి దగ్గరికి పై మెట్టకి వెళ్ళిపోయారు. ఆయన పోటు ఎంత ఎక్కింది, ఏ గొడ్డు వచ్చింది, ఏది బాగై వెళ్ళింది, అంతవరకే రాసేవారు. నాకలా రాయడం రాదు. మనసులో ఉన్నది కక్కేయకపోతే నాకు అన్నం సయించదు.

నా పేరు నూకరత్నం. ఈ డెల్టాలో పడవలు లాగే గేదెల్లో సగం వాటి గుండెల్లోకి తీగ పంపింది నా కుడి చెయ్యే. దాని బొటనవేలూ చూపుడువేలూ చలికాలం నుంచి మొద్దుబారాయి. చిటికె వేస్తే చప్పుడు వినిపిస్తుంది కాని, వేసినట్టు నాకు తెలియదు. కేంద్రం పెద్ద విశ్వపతి గారు చాలా రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చివరికి కొండల వైపు కేంద్రానికి కబురు పెట్టారు.

ఆ కబురుకి ఇవాళ కాదంబరి వచ్చింది. నా కడుపున పుట్టి ఉంటే నాకు ఆలస్యంగా పుట్టిన బిడ్డ అయి ఉండేది. అయినా వచ్చీ రాగానే "అక్కా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వింది ముఖం ఒక్కటే.

సొరంగం గదిలోకి వెళ్ళేముందు ఒంటి మీద లోహం ఏదున్నా తీసి గుమ్మంలో ఉన్న మట్టి మూకుడులో వేయాలి. సొరంగం అంటే గేదె దూరేంత నోరున్న అయస్కాంతం. ఛాతీ కోయకుండా లోపల కొట్టుకుంటున్న గుండెని తెర మీద చూపిస్తుంది. ఎక్స్‌రే గొట్టాలు చేసే ఊళ్ళు నీళ్ళ కిందికి పోయాక మాకు మిగిలిన కన్ను ఇదొక్కటే. దాని ముందు ఇనుము కనబడకూడదు. ఏది ఇనుమో ఏది కాదో అక్కడ నిలబడి తేల్చుకోలేం కాబట్టి బంగారం కూడా తీసేస్తాం. నా ముక్కుపుడక రోజూ సబ్బు రాస్తే తప్ప రాదు. నేను గుమ్మంలో నిలబడి తుమ్ముతుంటే కాదంబరి నన్ను దాటుకుని లోపలికి నడిచింది. ఆమె ఒంటి మీద లోహం లేదు. చెవులకి కొబ్బరిచిప్ప దుద్దులు, చేతికి తాటాకు గాజు. చిన్నప్పటి నుంచీ ఇంతేనట, ఈ పనికే పెంచారట.

మూకుడులో నా ముక్కుపుడక ఒక్కటే పడి ఉంది. ఎందుకో దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

జ్యేష్ఠ బహుళ చవితి. పోటు.

మొదటి గొడ్డు. చిన్న పడ్డ. జబ్బు అన్నిటికీ ఉన్నదే: గుండె నుంచి ఊపిరితిత్తులకి నెత్తురు వెళ్ళే గుమ్మం ఇరుకు. పెద్ద వరద తర్వాత మిగిలిన ఒక్క దున్నపోతు సంతానమే ఈ గేదెలన్నీ. ఈత, బలం, ఇరుకు గుమ్మం మూడూ దాని ఆస్తే. మెడ నరంలోంచి సన్నటి నార తీగని గుండెలోకి పంపి, దాని మీదుగా బెలూన్ తీసుకెళ్ళి, ఇరుకులో నీటితో ఉబ్బిస్తే దారి తెరుచుకుంటుంది.

తీగ మనిషి గొడ్డు మెడ దగ్గర, సొరంగం నోట్లో వంగి ఉంటుంది. తెర మనిషి గోడ ఇవతల ఉంటుంది. రాగి వల కిటికీలోంచి చూడొచ్చు గాని మాట్లాడలేం. సొరంగం మోగడం మొదలైతే పక్కనున్నవాళ్ళ అరుపు కూడా వినపడదు. అందుకని మాకు తాడు ఉంది. నూలు తాడు. ఒక చివర తీగ మనిషి మణికట్టుకి, రెండో చివర తెర మనిషి చేతిలో. ఒక లాగు అంటే ఆగు. రెండు లాగులంటే ముందుకి. పొడుగాటి లాగు అంటే అన్నీ వదిలేసి వెనక్కి వచ్చేయ్. ఎందుకని అడగడానికి లేదు.

ఇన్నేళ్ళూ తాడు నా మణికట్టుకి ఉండేది. ఇవాళ నా చేతిలో పెట్టారు.

కాదంబరి చెయ్యి చూశాను. చూడకూడదు, తెర చూడాలి. అయినా చూశాను. ఆమె తీగని తోయదు, అది తనంతట తను వెళుతుంటే వెంట వెళ్ళినట్టుంటుంది. ఇరుకు గుమ్మం దగ్గర తీగ కొస పక్క గోడకి తగలబోతోంది. ఆగమని లాగబోయాను. నేను లాగకముందే ఆగింది.

మళ్ళీ ఒకసారి అలాగే అయింది. మూడోసారీ అంతే.

బయటికి వచ్చాక విశ్వపతి గారు ఆమె భుజం తట్టి, "రత్నం, చూశావా! తాడుతో పని లేనట్టే ఆగుతోందే!" అన్నారు. చూశానండీ. అదే కదా నా ఏడుపు. తీగ ఎలాగూ పోయింది, తాడైనా నాకు మిగిలిందనుకున్నాను. ఆ అమ్మాయికి అదీ అక్కర్లేదు.

జ్యేష్ఠ బహుళ దశమి. ఆటు.

పనస తొనలు వచ్చాయి. కాదంబరికి. చిన్న పడ్డ యజమాని తెచ్చాడు. నాకు నమస్కారం పెట్టి, తొనల గంప ఆమెకిచ్చాడు. ఆమె సగం నా గదిలో పెట్టించింది. తినలేదు. ఈగలు ముసిరాక ముద్దుకి వేశాను.

ముద్దు మా కేంద్రం గేదె. తల్లి పోతే సీసా పాలతో నేనే పెంచాను. కొత్తవాళ్ళు పని నేర్చుకునేది దాని మీదే, ఓర్పు గల గొడ్డు. సాయంత్రం కాదంబరి పాక వైపు వస్తుంటే నా చేతిలోని తొన వదిలేసి ఆమె వెంట పోయింది. పిలిచాను. చెవి ఒకటి ఇటు తిప్పింది, అంతే.

ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఒక గేదె ఎవరి వెంట పోతే ఏమిటి? కాని నా కడుపు మండింది. కూర్చుని రాస్తున్నా ఇంకా మండుతూనే ఉంది.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి. పోటు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ నేర్పుడు పాకలోకి వెళ్ళాను. అక్కడ జిగురుతో పోసిన గేదె గుండె ఒకటి గాజు తొట్టిలో ఉంటుంది. కుడి చేత్తో తీగ పట్టాను. కొస గుమ్మం దాటిందో గోడని పొడిచిందో నాకు తెలియలేదు. తీసి చూస్తే జిగురు గోడలో చిల్లి. బతికున్న గొడ్డయితే పోయేది.

ఎడమ చేత్తో పట్టి చూశాను. నత్తనడక. చెయ్యి కొత్త కోడలిలా బెదిరింది. కాని వేళ్ళకి తీగ తెలుస్తోంది. ఎంతోసేపు తడుముకున్నాక గుమ్మం దాటింది. ఎవరైనా చూశారేమోనని బయటికి తొంగి చూశాను. ఎవరూ లేరు. ఇంత వయసొచ్చి దొంగతనంగా తీగ పట్టుకోవలసి వచ్చిందని అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను.

ఆషాఢ శుద్ధ పంచమి. ఆటు.

చిత్రలంక నుంచి ఏసుపాదం, ఆయన భార్య మార్తమ్మ తమ గేదె దొరసానిని తీసుకొచ్చారు. చిత్రలంక పడవలకి ముందు నడిచే గేదె అది. నీళ్ళ కింద రోడ్లెక్కడ, గోతులెక్కడ అన్నీ దానికి తెలుసు. అది దిగితేనే మిగతావి దిగుతాయి. ఆషాఢ పున్నమి పోటుకి చిత్రలంక మునుగుతుంది, ఏటా అంతే. ఈలోగా అందరూ పై మెట్టకి చేరాలి. దొరసాని ఈ నెలలో రెండుసార్లు నీళ్ళలో సొమ్మసిల్లింది.

"అదిప్పుడు పది బారలు ఈదితే నాలిక నీలంగా తిరిగిపోతందండి," అన్నాడు ఏసుపాదం. "పున్నంలోపు లెగాలండి. అది లెగకపోతే మేం ఎవరం లెగలేమండి."

మార్తమ్మ దొరసాని కొమ్ముల మధ్య చెయ్యి వేసి నిలబడింది.

మా గొడ్లు మునిగిపోయిన ఊళ్ళ మీద మొలిచిన గడ్డి మేస్తాయి. గడ్డితో పాటు మేకులు, తీగముక్కలు మింగుతాయి. అవి కడుపులోంచి పక్కనే ఉన్న గుండెకి గుచ్చుకుంటే గొడ్డు దక్కదు. అందుకని దూడ మేత పట్టగానే వేలెడంత అయస్కాంతం బిళ్ళ ఒకటి బెల్లంలో పెట్టి మింగిస్తారు. మింగిన ఇనుమంతా దానికి అంటుకుని కడుపులో ఒక మూల పడుంటుంది. బిళ్ళ పెట్టిన రోజు ఇంట్లో పరమాన్నం వండుకుంటారు.

సొరంగంలోకి వెళ్ళే గొడ్డు కడుపులో మాత్రం అది ఉండకూడదు. రబ్బరు గొట్టం వేసి పైకి తీస్తాం. తర్వాత రేవు పాకలో దిక్సూచి పట్టుకుని గొడ్డు చుట్టూ తిరుగుతాం. ముల్లు కదలకపోతే కొమ్ముకి పసుపు రాస్తాం. సొరంగంలోకి మోసుకెళ్ళే బండివాళ్ళు పసుపు లేని గొడ్డుని ఎక్కించుకోరు. ఈ పని నాది. బండి కదలబోయే ముందు చేస్తాను, అంతకుముందు ఎప్పుడూ చేయను.

ఇవాళ సాయంత్రం ముక్కుపుడక పెట్టుకుని బయటికి వచ్చేసరికి దొరసాని కొమ్ముకి పసుపు ఉంది.

"నేనే పట్టీసినానక్కా," అంది కాదంబరి. "బిళ్ళ తీసినాక ముల్లు కదల్లేదు. రేప్పొద్దున్న నువ్వు మళ్ళీ అంత దూరం నడవడం ఎందుకని."

నా నడక మీద జాలి. నాకు మిగిలిన ఆ ఒక్క పనీ జాలిపడి తీసేసుకుంది.

"మంచిదమ్మా," అన్నాను.

ఆషాఢ శుద్ధ షష్ఠి. పోటు.

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే కిటికీలోంచి చూశాను. రేవు పాకలో మార్తమ్మ దొరసాని మెడ వాటేసుకుని ఏదో చెబుతోంది. చుట్టూ చూసి, చెంగులోంచి బెల్లం ఉండ తీసి నోట్లో పెట్టింది. మత్తుకి ముందు గొడ్డు పస్తుండాలని ఆమెకి తెలుసు. తెలిసీ పెట్టిందంటే ఉండలో ఏముందో డెల్టాలో పుట్టిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బిళ్ళ లేని కడుపుతో గొడ్డుని ఆపదలోకి పంపడం మావాళ్ళకి చేతకాదు. పాతది మేం తీస్తే కొత్తది వాళ్ళు పెడతారు. అందుకే నేను దిక్సూచి బండి కదిలేముందు పట్టేది. కొండల గడ్డిలో మేకులుండవు. కాదంబరికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

చెప్పాలంటే ఎంతసేపు? పాక దాకా వెళ్ళక్కర్లేదు, కిటికీలోంచి కేకేస్తే చాలు. కేక గొంతు దాకా వచ్చింది. అప్పుడే కాదంబరి రేవు మెట్లు ఎక్కుతూ కనబడింది. వెనకాల ముద్దు. నా ముద్దు.

పసుపు రాసింది ఆమె. నన్నెవరూ అడగలేదు. గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి దొరసాని కడుపు కాస్త కదులుతుంది, బండి వంకర పోతుంది, అందరి ముందూ ఆ అమ్మాయి ముఖం మాడిపోతుంది. అప్పుడు నేను నిదానంగా "దిక్సూచి ఎప్పుడు పట్టావమ్మా?" అంటాను. అంతకుమించి ఏమీ జరగదనుకున్నాను. అలా అనుకుని, నా చోటికి వెళ్ళి తాడు చివర చేతిలోకి తీసుకున్నాను.

వెదురు బండి మీద మత్తులో పడుకున్న దొరసానిని నలుగురు కొబ్బరి మోకులతో లోపలికి తెచ్చారు. కాదంబరి బండి ముందు వైపు, సొరంగానికీ బండికీ నడుమ, దొరసాని తల పట్టుకుని వెనక్కి నడుస్తోంది. తాడు ఆమె మణికట్టుకి ఉంది. కిటికీలోంచి చూస్తున్నాను. దొరసాని పొట్ట చర్మం లోపలి నుంచి ఎవరో పిడికిలితో పొడిచినట్టు లేచింది. మోకులు వదులయ్యాయి. ఎవరూ తొయ్యకుండానే బండి నడవడం మొదలైంది.

తాడు నా చేతిలోనే ఉంది. వెంటనే లాగలేదు. ఎంతసేపు లాగలేదో నాకు తెలియదు, కాని లాగలేదు. "ఇదిగో, ఇప్పుడు తెలుస్తుంది" అని నాలో ఎవరో అన్నారు. ఆ అన్నది నేనే.

అప్పుడు లాగాను. పొడుగ్గా, నా భుజం పట్టేసేంత గట్టిగా.

కాదంబరి తల ఎత్తి చూడలేదు. ఎందుకని ఆలోచించలేదు. దొరసాని తల వదిలేసి పక్కకి దూకింది. బండి దూసుకొచ్చి సొరంగం నోటికి కొట్టుకుంది. ఒక్క చెయ్యి, కుడి చెయ్యి, ఇంకా బండి అంచు మీదే ఉంది.

మనుషులు మోకులు పట్టి బండిని వెనక్కి లాగేదాకా ఆమె ఆ చేతిని తీసుకోలేకపోయింది.

ఆషాఢ శుద్ధ అష్టమి. ఆటు.

దొరసాని బతికే ఉంది. గొట్టం వేసి బిళ్ళ తీశారు. కడుపు కందింది, రెండు పూటలు మేత ముట్టలేదు, ఇవాళ నెమరు వేసింది. సొరంగానికి గీత పడింది, అంతే.

కాదంబరి కుడి చెయ్యి నాలుగు వేళ్ళూ నలిగాయి. ఎముకలు అతుకుతాయట. మునుపటిలా వంగవట.

మార్తమ్మ ఆమె మంచం పక్కన కూలబడి తల కొట్టుకుంది. "వొట్టి కడుపుతో ఎలాగ పంపుతావమ్మా, ఆ గుహలోకి? బిడ్డకి రక్షరేకు కట్టకుండా పంపుతావా? నా చేత్తో నేనే చేశాను తల్లీ..."

"నువ్వు కాదమ్మా," అంది కాదంబరి. "ముందు రోజు దిక్సూచి పట్టడం నాదే తప్పు. అక్క ఎప్పుడూ బండి కదిలేముందు పడతాది. నేనే తొందరపడినాను. అక్క తాడు లాగబట్టి గాని, లేకపోతే బండికీ దానికీ మధ్యన నా గుండెకాయే నలిగిపోయేది."

అందరూ నా వైపు చూశారు. విశ్వపతి గారు చేతులు జోడించారు. మార్తమ్మ వచ్చి నా కాళ్ళు పట్టుకుంది.

నన్ను అందరూ ఇలా చూడాలని ఎన్నాళ్ళ నుంచి కోరుకున్నాను! తీరా చూస్తుంటే నేల చీలితే బాగుండుననిపించింది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది, అదీ రాస్తాను: తప్పు మీద వేసుకోవడంలో కూడా ఆ పిల్లే నాకంటే ముందుందని కుళ్ళు. ఆ స్థితిలో కూడా.

ఆషాఢ శుద్ధ ఏకాదశి. పోటు.

పున్నమి దగ్గరపడింది. రేవులో నీళ్ళు రెండు మెట్లు ఎక్కువ ఎక్కాయి. ఏసుపాదం రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోతున్నాడు.

విశ్వపతి గారు నన్ను కాదంబరి మంచం దగ్గరికే పిలిచారు. "రత్నం, తీగ నువ్వే పట్టాలి. ఇంకెవరూ లేరు."

"నా వేళ్ళ సంగతి మీకు తెలుసు కదండీ."

"ఎడమ చేత్తో పడతాదండి అక్క," అంది కాదంబరి. "గుమ్మం దాటించగలదు. నేను చూసినాను."

విశ్వపతి గారు ఆశ్చర్యపోయి, సంతోషించి, బండివాళ్ళకి చెప్పడానికి వెళ్ళారు. నేను అక్కడే ఉండిపోయాను.

"ఎప్పుడు చూశావు?"

"ఆ మధ్యాహ్నం. నేర్పుడు పాకలోకి తీగ కోసమని వచ్చినాను. నువ్వు ఉన్నావు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయినాను."

"చూసి, ఒక్క మాట అనలేదేం?"

"అంటే సిగ్గుపడి మానేస్తావని."

ఆమె నన్ను చూసి ఊరుకుంది, నేను నిలబడాలని. నేను మార్తమ్మని చూసి ఊరుకున్నాను, ఈమె పడిపోవాలని. ఇక నోరు మూసుకుని ఉండలేకపోయాను.

"నేనూ ఒకటి చూశాను కాదంబరీ. ఆ రోజు పొద్దున్న. మార్తమ్మ బెల్లం ఉండ పెట్టడం."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అయింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"అందులో ఏటుందో నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకక్కా?"

"నువ్వంటే కుళ్ళు. నీ చెయ్యంటే కుళ్ళు."

ఇంకేదైనా అంటుందని నిలబడ్డాను. తిడుతుందని, కొడుతుందని. గోడ వైపు తిరిగి పడుకుంది. ఇటువైపు చెవికున్న కొబ్బరిచిప్ప దుద్దు ఒక్కటే కనబడుతోంది. చాలాసేపటికి వెళ్ళిపోయాను. బయట విశ్వపతి గారు కనబడితే ఆయనకీ చెప్పేశాను. ఆయన ముఖం నల్లబడింది. పున్నమి వెళ్ళాక మాట్లాడదామన్నారు.

ఆషాఢ శుద్ధ ద్వాదశి. ఆటు.

బండి కదలబోయే ముందు నేనే దిక్సూచి పట్టాను. దొరసాని చుట్టూ తిరిగాను, మళ్ళీ తిరిగాను. ముల్లు కదల్లేదు. మార్తమ్మ తన రెండు చేతులూ నా ముందు చాచి విప్పి చూపించింది, వద్దన్నా వినకుండా చెంగు దులిపి చూపించింది. కొమ్ముకి పసుపు రాశాను.

తాడు ఎవరు పడతారని ఎవర్నీ అడగలేదు. గుమ్మంలో సబ్బుతో ముక్కుపుడక తీసి మూకుడులో వేసి తలెత్తితే కాదంబరి నిలబడి ఉంది. ఎడమ చేత్తో తాడు నా మణికట్టుకి చుట్టి, పంటితో ముడి లాగి బిగించింది. చర్మం తెల్లబడేంత బిగువుగా.

తెర వైపు వెళుతూ ఒక్కటే అంది. "నా మొహం చూడొద్దు. తాడు చూసుకో."

సొరంగం మోత మొదలైంది. దూది పెట్టుకున్న చెవుల్లో కూడా దంచుతోంది. దొరసాని మెడ వెచ్చగా ఉంది. ఎడమ చేత్తో తీగ పంపాను. రెండు లాగులు. ముందుకి. గుండె పై గదిలోకి వెళ్ళాను. రెండు లాగులు. కింది గదిలోకి. ఒక లాగు, ఆగాను. దొరసాని గుండె నా వేలి కింద తీగ చివర్నుంచి తన్నుతోంది. ఎన్నాళ్ళయింది అది తెలిసి!

ఇరుకు గుమ్మం. ఇక్కడే జిగురు గుండెకి చిల్లి పెట్టింది నేను. అంగుళం అంగుళం వెళుతున్నాను. ఉన్నట్టుండి మణికట్టు మీద తాడు బరువు మారింది. లాగు కాదు, లాగలేదు ఇంకా. అవతల ఎవరో వేలాడే తాడుని లాగడానికి చేతిలోకి తీసుకున్నారు, అంతే. నా చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చింది లాగు.

అప్పుడు తెలిసింది నాకు. తాడు అక్కర్లేక ఆగలేదు ఆ పిల్ల. ప్రతిసారీ నా చెయ్యి కదలబోవడం ఆమె మణికట్టుకి తెలిసేది. నేను తెర వదిలేసి ఆమె చెయ్యి చూస్తూ కుళ్ళుకున్న రోజుల్లో, ఆమె ఒళ్ళంతా నా తాడునే వింటూ ఉంది. పొడుగు లాగు వచ్చినప్పుడు తలెత్తి చూడకుండా దూకింది అందుకే.

కొస కాస్త వెనక్కి తీసి తిప్పాను. రెండు లాగులు. గుమ్మం దాటింది. బెలూన్ ఉబ్బించాం. తాడు కదలకుండా ఉంది. నేనూ కదలకుండా ఉన్నాను. తర్వాత చాలా మెత్తగా ఒక పొడుగు లాగు వచ్చింది. వచ్చేయ్ అని. వచ్చేశాను.

బయట ఏసుపాదం దొరసాని నోరు తెరిచి నాలిక చూశాడు. గులాబీ రంగులో ఉంది. ఆ మనిషి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

నేను ముడి విప్పుకోబోయాను. రాలేదు. కాదంబరి వచ్చి పంటితో విప్పింది. మణికట్టు చుట్టూ ఎర్రగా వాత.

"లాగకముందే ఆగినావు," అంది, నా వైపు చూడకుండా.

"తెలిసింది."

"ఊఁ."

అంతే మాట్లాడింది. తాడు చుట్ట చుట్టి తీసుకెళ్ళిపోయింది. ఒంటి చేత్తో కూడా నాకంటే ముచ్చటగా చుట్టింది.

ఆషాఢ పున్నమి. పెద్ద పోటు.

రేవు మెట్లన్నీ మునిగాయి. పొద్దున చిత్రలంక పడవలు మా దిబ్బ పక్కనుంచే పై మెట్టకి వెళ్ళాయి. ముందు దొరసాని. తల, కొమ్ములు, కొమ్ముకి కాస్త పసుపు. వెనక మిగతా గేదెలు, వాటి వెనక పడవల్లో పిల్లలు, కోళ్ళు, మంచాలు. మార్తమ్మ పడవ ఆపించి, పెరుగు ముంతతో దిగింది. నా ముందునుంచే నడిచి వెళ్ళి కాదంబరికి ఇచ్చింది. నా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. నాకు నమస్కారం కూడా పెట్టలేదు. పెట్టాలని ఎలా అడుగుతాను?

విశ్వపతి గారు మధ్యాహ్నం పిలిచారు. నన్ను ఏం చేయాలో కాదంబరినే అడిగారట. ఆమె చెప్పింది ఇది: తన కుడి చెయ్యి ఇక తీగ పట్టదు. ఎడమ చేత్తో తీగ పట్టడం ఈ డెల్టాలో ఒక్క మనిషికే వచ్చు. ఆ మనిషి తనకి నేర్పాలి. నేర్పేదాకా ఎక్కడికీ వెళ్ళకూడదు.

"ఆ అమ్మాయి నేర్చుకున్నాక తీగ మళ్ళీ ఆమెదే," అన్నారు ఆయన. "నీకు సమ్మతమేనా?"

సరేనన్నాను.

సాయంత్రం నేర్పుడు పాకలో జిగురు గుండె ముందు కూర్చున్నాం. కాదంబరి తీగ ఎడమ చేత్తో పట్టుకుంది. పట్టు తప్పు. మణికట్టు కింద నా చెయ్యి పెట్టి పట్టు మార్చాను. ఆమె చెయ్యి బిగుసుకుంది, కాని తీసేయలేదు. కొస గోడని పొడిచింది. మళ్ళీ పొడిచింది. లోలోపల నాకు హాయిగా అనిపించింది. నా బుద్ధి ఇంతే.

మూడోసారి గుమ్మం దాటింది.

నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది ఇది. ఈ పిల్ల పొద్దు వాలకముందే దాటించేసింది. వానాకాలం వెళ్ళేలోపు నన్ను మించిపోతుంది. ఇప్పటి నుంచే కడుపు మండుతోంది.

రేపు పొద్దున్నే రమ్మన్నాను.